ఇద్దరు తిప్పిన గుడ్లు

మా అక్క దేన్నీ ఒంటరిగా వదలదు. మనుషుల సంగతి సరే, పొయ్యి మీద పాలను కూడా వదలదు. పొంగేదాకా పక్కనే నిలబడి ఉంటుంది, వాటికి భయమేస్తుందేమో అన్నట్టు. నేను పుట్టిన కొద్ది రోజులకే మా అమ్మ పోయింది. అప్పటికి అక్క ఇంకా రెండు జడలు వేసుకుని బడికి పోయే పిల్ల. అమ్మ పోతూ పోతూ దాని చేతికి అప్పగించినవి రెండే. ఒకటి నేను, రెండోది మెడ మీద ఒక్క ఈక కూడా లేని కోడిపెట్ట. రెండూ అరిచేవే, రెండూ అడ్డమైనవన్నీ నోట్లో పెట్టుకునేవే. అక్క మా ఇద్దరినీ ఒకే చేత్తో పెంచింది. ఇద్దరిలో ఎవరు నిన్ను ఎక్కువ సుఖపెట్టారని అడిగితే మాత్రం, తడుముకోకుండా కోడి అంటుంది.

పెళ్లయి అత్తారింటికి వస్తూ నన్నూ, గంపలో కోళ్లనీ వెంటబెట్టుకొచ్చింది. కొత్త పెళ్లికొడుకు గుమ్మంలో నిలబడి, నా వంకా గంప వంకా మార్చి మార్చి చూసి, "ముందు ఎవరికి తిండి పెట్టాలి?" అన్నాడట. ఆ ఒక్క మాటతో అక్క ఆయనకు దాసోహమైపోయింది. నేను మాత్రం కోళ్ల తర్వాత తిన్నానని ఇప్పటికీ గుర్తు చేస్తుంటాను.

మా బావది ఇస్త్రీ కొట్టు. ఇంటి ముందు గదే కొట్టు. మధ్యలో కిటికీ లేని చిన్న గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక దడి కట్టిన పెరడు. బావ బల్ల ముందు నిలబడితే చూడాలి. ఎడమ చెయ్యి చొక్కాను పరుస్తుంటుంది, కుడి చెయ్యి గిన్నెలో వేళ్లు ముంచి నీళ్లు చిలకరిస్తుంటుంది, నోరు వీధిలో పోయేవాళ్లందరినీ పలకరిస్తుంటుంది. ఆయన కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు గానీ, ఎవరి చొక్కాకు ఏ గుండీ ఊడిందో నిద్రలో అడిగినా చెప్తాడు. అక్క ఇళ్ల నుంచి బట్టలు తెచ్చి, మడతలు పెట్టి, మళ్లీ ఇళ్లకు చేర్చి వస్తుంది. ఎదురుగానే నా కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు బాగుచేస్తాను. నా చేతిలో పడ్డ ఫ్యాను మళ్లీ ఆగిందని ఈ వీధిలో ఎవరూ వేలెత్తి చూపలేదు. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది.

ఆ బోడిమెడ కోడి సంతానం మా పెరట్లో తరతరాలుగా వర్ధిల్లింది. వీధిలోవాళ్లు వాటిని చూసి నవ్వేవాళ్లు. సగం ఈకలు పీకి వదిలేశారేంటమ్మా, మీ వంటకు తొందరెక్కువా అనేవాళ్లు. కాకి పిల్ల కాకికి ముద్దు. అక్క కంటికి అవే నెమళ్లు. నాకూ అవంటే ఇష్టమే, పైకి ఒప్పుకోను. మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు. అమ్మ చీర ముక్క కూడా లేదు. అమ్మ చేతి గింజలు తిన్న కోడికి పుట్టిన కోడికి పుట్టిన కోళ్లు మాత్రం పెరడంతా తిరుగుతుండేవి. అమ్మ ఎలా ఉండేదని నేను చిన్నప్పుడు అడిగితే, అక్క నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని కోళ్లను చూపించేది. "అమ్మ వీటిని 'దా, దా' అని పిలిచేది, ఇలా ఒక పక్కకి వంగి," అని చూపించేది. అమ్మ గురించి నాకు తెలిసిందల్లా ఆ పిలుపూ, ఆ వంగడమే.

తరాలు మారేకొద్దీ ఆ కోళ్లకు బద్ధకం పెరిగింది. గుడ్లు పెడతాయి, వీధంతా వినబడేలా చాటుకుంటాయి, పొదగమంటే మాత్రం గంపలో గంటసేపు కూర్చుని లేచి పోతాయి. అందుకని నేనే ఒక పొదిగే పెట్టె తయారు చేశాను. బయట చెక్క, లోపల థర్మాకోల్, మూతకు గాజు పలక, వేడికి బల్బు, వేడి అన్ని మూలలకూ పాకడానికి చిన్న ఫ్యాను, వేడి ఎక్కువైతే ఆర్పి, తగ్గితే వెలిగించే ఒక మీట, తేమకు నీళ్ల గిన్నె. కోడి చేసే పని మొత్తం చేస్తుంది, అరవడం తప్ప. దాన్ని మధ్య గదిలో పెట్టి, పనులు పంచాను. కోడి తన గుడ్లను ముక్కుతో దొర్లిస్తుంటుంది కదా, ఆ తిప్పే పని బావది. గిన్నెలో నీళ్లు చూసే పని అక్కది.

మొదటి విడత పది గుడ్లు పెడితే మూడు పిల్లలు వచ్చాయి. రెండో విడత రెండే. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే లోపల పిల్లలు తయారై ఉన్నాయి పాపం. కొన్ని పెంకుకు ఒక పక్క అతుక్కుపోయి ఉన్నాయి. కొన్ని బయటికి రాబోయే ముందు లోపలి నీరు ఇంకక ఉక్కిరిబిక్కిరై పోయాయి.

"పెట్టెలో ఏదన్నా లోపం ఉందేమోరా," అన్నాడు బావ, చాలా మర్యాదగా.

"పోనీలెండి, వాణ్ణి ఏమీ అనకండి. చిన్నపిల్లాడు, వాడికి తోచినట్టు చేశాడు," అంది అక్క.

చిన్నపిల్లాడినట! నా జుట్టు సగం నెరిసింది. నాకు అసలే ముక్కు మీద కోపం. పెట్టెను పిచ్చి తిట్లు తిట్టినా ఊరుకునేవాణ్ణేమో, ఇలా జాలిపడితే ఒళ్లు మండిపోయింది. వైరు వైరూ విప్పి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు లేని చోట తప్పు వెతకడం కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. అయినా అప్పట్లో ఆ సంగతి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. పెరట్లో కోళ్లు బోలెడున్నాయి, ఈసారి కాకపోతే ఇంకోసారి అనుకున్నాం.

తర్వాత ఒక మధ్యాహ్నం ఎక్కడిదో ఒక కుక్క దడి కింద తవ్వుకుని పెరట్లోకి వచ్చింది. బావ కొట్టులో రేడియో పెట్టుకుని ఉన్నాడు. అక్క బట్టలు ఇవ్వడానికి వెళ్లింది. నేను డ్రిల్లింగ్ మిషన్ చప్పుడులో ఉన్నాను. చూసేసరికి అంతా అయిపోయింది. పుంజు మాత్రం కుక్క ముక్కు చీల్చి గానీ చావలేదు. ఆ కుక్క ఇప్పటికీ మా వీధి మొగలో ఆగి, ముక్కు తడుముకుని వెనక్కి పోతుంది. పెట్టెలో పుట్టిన అయిదింటితో సహా కోళ్లన్నీ పోయాయి. కట్టెల కుప్ప పైకెక్కిన ఒకే ఒక్క పెట్ట మిగిలింది. గుడ్ల బుట్టలో అంతకు ముందు పెట్టిన నాలుగు గుడ్లు మిగిలాయి.

అక్క ఏడవలేదు. పెరడు ఊడ్చింది, దడి బిగించింది, మిగిలిన పెట్టను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఏడ్చినా బాగుండేది. వేరే చోట పుంజును తెచ్చి జత చేద్దామని బావ అంటే, "తెస్తే కోళ్లు వస్తాయండీ. అవి రావుగా," అంది. అంతే. ఎందుకో తెలియక ఎదురు కొట్టుకు పోయి ఎవరిదో మిక్సీ మీద అరిచాను.

పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఒక మంచి మాట చెప్పాడు. పుంజు పోయినా, ఆ తర్వాత వారం దాకా పెట్ట పెట్టే గుడ్లలో పిల్ల ఉంటుందన్నాడు. అంటే బుట్టలోని నాలుగు, ఆ వారంలో పెట్టబోయేవి ఇంకొన్ని. అవే ఆఖరి బోడిమెడ గుడ్లు. అవి పెట్టెలో పోతే ఇక ఆ వంశానికి నీళ్లు వదులుకోవాల్సిందే.

అక్క ఆ గుడ్లను వంటింట్లో చల్లటి మూల, సన్న కొసలు కిందికి ఉండేలా పేర్చింది. మట్టి అంటినదాన్ని కూడా కడగలేదు. కడిగితే పెంకు మీదుండే సన్నటి పొర పోతుందని దానికి ఎప్పట్నుంచో తెలుసు. ఇంత తెలిసినవాళ్ల ఇంట్లో గుడ్లెందుకు పోతున్నాయి? వారం లోపల నేను ఆ సంగతి తేల్చాలి.

ఖాళీ పెట్టెను వెలిగించి లోపల థర్మామీటర్ పెట్టాను. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, సాయంత్రం చూశాను. గుడ్లకు కావాల్సిన ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. మర్నాడూ అంతే. పెట్టెకు జబ్బు లేదు. మరి జబ్బు ఎవరికి? వంటింటి గుమ్మానికి ఎదురుగా, మధ్య గది చీకట్లో నేల మీద చతికిలబడి, గోడకు ఆనుకుని ఆలోచిస్తున్నాను.

అక్క పొయ్యి మీద టీ మరిగించి, పంచదార వేసి, గ్లాసులు కడగడానికి పెరట్లోకి వెళ్లింది. అది అటు వెళ్లగానే బావ కొట్టులోంచి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. పిల్లిలా అడుగులేసుకుంటూ పోయి, పంచదార డబ్బా తీసి, రెండు చెంచాలు టీలో వేసి, చప్పుడు కాకుండా కలిపి, ఏమీ ఎరగనట్టు వెనక్కి తిరిగాడు. నేను ఆయన లుంగీ పట్టుకున్నాను.

"ఏంటి బావా ఇది?"

"ష్, మెల్లగా! మీ అక్కకి టీలో పంచదార వెయ్యడం గుర్తుండదురా. పెళ్లయిన మొదటి రోజు టీ ఇచ్చింది, చుక్క తీపి లేదు. చెప్తే చిన్నబుచ్చుకుంటుందని నేనే వచ్చి వేసుకున్నా. అప్పట్నుంచీ నేనే వేస్తున్నా."

"అప్పట్నుంచీ రోజూనా?"

"రోజూనే మరి. దానికి తెలీదు. చెప్పావంటే చంపేస్తా."

అంతలో అక్క గ్లాసులతో వచ్చింది. నేను కడుపులో మాట దాచుకునే రకం కాదు. "అక్కా, టీలో పంచదార ఎంత వేస్తావ్?" అని అడిగాను.

"ఎంతరా, అర చెంచా! మీ బావకి అంత తీపి మంచిది కాదని ఏడాదికింత తగ్గించుకుంటూ వస్తున్నా. ఎంత తగ్గించినా తగ్గి చావదే! కొట్లు కూడా మార్చి చూశా. ఈ కాలం పంచదారలోనే ఏదో కలుపుతున్నారు."

నేను నవ్వలేక చచ్చాను. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా నేను టీ అనుకుని తాగుతున్నది పాకం. అక్కకు తీపి పిచ్చి అని నేను, బావకు తీపి పిచ్చి అని వీధిలోవాళ్లు అనుకుంటూ ఉన్నాం. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. వీళ్లిద్దరే అయినా టీ బెల్లంపాకం అయింది. నేల మీద పడి దొర్లుతున్నవాణ్ణి ఉన్నట్టుండి లేచి కూర్చున్నాను. పెట్టె గుర్తొచ్చింది.

"పోయిన విడత గుడ్లు ఎవరు తిప్పారు?" అన్నాను.

"నేనే," అన్నాడు బావ.

"నేనే," అంది అక్క.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గిన్నెలో నీళ్లు ఎవరు పోశారు?"

ఈసారి ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఇక అడగక్కర్లేదు.

జరిగింది ఇదీ. బావ తన వంతు ప్రకారం గుడ్లన్నిటినీ కింద వైపు పైకి వచ్చేలా తిప్పి కొట్టులోకి పోయేవాడు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని వెతికే మనిషికి గుడ్లేం గుర్తుంటాయని, అక్క ఆయన అటు తిరగగానే వచ్చి మళ్లీ తిప్పేది. ఇద్దరి పుణ్యమా అని గుడ్లు మళ్లీ మొదటి వైపుకే వచ్చి కూర్చునేవి. ఒకే వైపు పడుకున్న పిల్ల పెంకుకు అతుక్కుపోక ఏం చేస్తుంది? నీళ్ల సంగతీ అంతే. అక్క గిన్నె నింపేది. పాపం, దానికి వంద పనులు, మరిచిపోయి ఉంటుందని బావ వెళ్లి, గిన్నెలో పొయ్యడమే కాక, చెయ్యి ఊరుకోక గుడ్ల మీద చొక్కాల మీద చల్లినట్టు చల్లి వచ్చేవాడు. తేమ ఎక్కువైతే గుడ్డులోని నీరు ఇంకదు, పిల్ల ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. పైగా మూత తీసినప్పుడల్లా వేడి పోయేది. రెండో మనిషి నొచ్చుకుంటారని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, పంచదార సంగతితో సహా అన్నీ ఆ రోజు నేనే బయటపెట్టాను. ఆ ఇంట్లో గుడ్లను చంపింది నిర్లక్ష్యం కాదు, మర్యాద.

"అయితే నన్ను మతిమరుపుదాననుకున్నారా ఇన్నేళ్లూ?" అంది అక్క.

"మరి నువ్వు నన్నేమనుకున్నావ్?"

"మీకు మతిమరుపు ఉందిగా!"

"ఒక్కసారి పంచదార మరిచిపోయింది ఎవరు?"

"మొదటి రోజండీ! భయంతో పంచదార డబ్బా ఎక్కడుందో మిమ్మల్ని అడగలేకపోయా! ఆ ఒక్క రోజుకి ఇన్నేళ్ల శిక్షా?"

"శిక్షేంటే, నేను రోజూ లేచి వచ్చి వేసింది ప్రేమతో!"

"నేను మాత్రం కోపంతో తిప్పానా గుడ్లు?"

ఇంత ముద్దొచ్చే పోట్లాట నేనెక్కడా చూడలేదు. మధ్యలో ఒక పెద్దాయన ప్యాంటు కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి మొత్తం విని, ప్యాంటు సంగతి మరిచిపోయి వెళ్లిపోయాడు. సాయంత్రం వరకూ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రం బావ పంచదార కలపకుండా టీ తాగి, మొహం వికారంగా పెట్టి, "ఇదేంటే, చేదుగా ఉంది," అన్నాడు. అక్క పకపకా నవ్వేసింది. కుక్క వచ్చి పోయాక అది నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విని నా కొట్టులో నేను కూడా పిచ్చివాడిలా ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

వారం గడిచేసరికి తొమ్మిది గుడ్లు పోగయ్యాయి. పెట్టెలో పెట్టే రోజున నేను పంచాయతీ పెట్టాను.

"ఈసారి పెట్టె మీద ఒకే చెయ్యి పడాలి. తిప్పడం, నీళ్లు, మూత, అన్నీ ఒక్కరే. రెండోవాళ్లు ముట్టుకుంటే నేను పెట్టె పట్టుకెళ్లిపోతా. ఎవరు చూస్తారో మీరే తేల్చుకోండి."

అవి అక్క కోళ్లు. అక్కే చూస్తుందనుకున్నాను. బావ కూడా చేతులు వెనక్కి కట్టుకుని తప్పుకున్నాడు. అక్క గుడ్ల వంక చాలాసేపు చూసింది.

"మీరే చూడండి," అంది బావతో.

"నేనా? పోతేనో?" అన్నాడు బావ.

"పోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం. నా చేతులకి ఊరుకోవడం చేతకాదండీ. తిప్పాల్సినదాని కన్నా ఎక్కువ తిప్పుతా. మీరే చూడండి."

అది ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. నాకు జ్వరమొస్తే డాక్టరు చేతిలోంచి మందు లాక్కుని తానే పట్టిన మనిషి అది. బావ తన బట్టల గుర్తులు వేసే పెన్సిల్ తెచ్చాడు. ఏ ఇంటి బట్టలకు ఏ గుర్తో ఆయనకు కంఠతా వచ్చు, కానీ సొంత ఇంటికి ఇప్పటిదాకా గుర్తే లేదు. ఆలోచించి, గుడ్లకు ఒక వైపు సున్నా, రెండో వైపు గీత పెట్టాడు. ఏ వైపు పైకుందో ఇక పొరపాటు పడే వీల్లేదు. నీళ్లు పోసేటప్పుడు మాత్రం కుడి చేతిని జేబులో దోపుకుని, ఎడమ చేత్తో పోసేవాడు. కుడి చేతి మీద నమ్మకం లేదట.

ఇక అక్క అవస్థ చూడాలి. ఇంట్లో ఉంటే పెట్టె పిలుస్తుందని నా కొట్టుకు వచ్చి కూర్చునేది. కూర్చుని ఊరుకుంటుందా? నా మరలన్నీ కుప్ప పోసి, చిన్నా పెద్దా వేరు చేసి, సీసాల్లో సర్దింది. నాకు ఒక్క మర దొరికితే ఒట్టు! నా కంగాళీలో నాకు ఏది ఎక్కడుందో తెలిసేది. ఆ మాటే అరిచి చెప్పాను. "ఒకటి నేర్పించరా, చేతులు దురదగా ఉన్నాయి," అంది. ఫ్యాను మోటారుకు తీగ చుట్టడం నేర్పాను. రెండో రోజుకే నాకన్నా నున్నగా చుట్టింది. పొగడలేదు, ఎదిగిన తమ్ముణ్ణి, నాకూ పరువుంటుంది. వీధిలోవాళ్లు మాత్రం ఫ్యాన్లు అక్కకే ఇస్తామనడం మొదలుపెట్టారు.

వారం దాటాక బావ మమ్మల్నిద్దర్నీ మధ్య గదిలోకి పిలిచి తలుపులు మూశాడు. గది పట్టపగలే చీకటి. ఒక్కో గుడ్డునూ టార్చిలైటు మీద నిలబెట్టాడు. మొదటి రెండూ ఖాళీగా, తేటగా వెలిగాయి. మూడోదాంట్లో ఎర్రటి దారాలు, వాటి మధ్య నల్లటి చుక్క. ఆ చుక్క కదిలింది.

"చూశావా, చూశావా!" అని అరిచాడు బావ.

"మీరు గట్టిగా అరవకండి, అదిరిపోతుంది," అంది అక్క, తాను ఇంకా గట్టిగా అరుస్తూ. తొమ్మిదింట్లో ఏడు బతికున్నాయి. అక్క చేతులు గుడ్ల వైపు వెళ్లాయి, మధ్యలోనే ఆగి, వెనక్కి పోయి, బావ భుజం మీద పడ్డాయి. ఆయన మీద అంత గట్టిగా చెయ్యి వేసి చాలా రోజులైందనుకుంటా, ఆయన సిగ్గుపడ్డాడు.

చివరి మూడు రోజులు గుడ్లను తిప్పకూడదు. గిన్నెలో నీళ్లు నింపి, మూత వేసి, ఇక తియ్యకూడదు. తీస్తే తేమ పోయి, లోపలి పొర ఎండి పిల్లను పట్టేస్తుంది. బావ మూత వేసి రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టాడు. "ఇక మనదేం లేదు," అన్నాడు. ఇంతకన్నా కష్టమైన మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

పిల్లలు వచ్చే రోజు ఇస్త్రీ ఎవడు చేస్తాడు? కొట్టుకు సగం తలుపేసి ముగ్గురం పెట్టె చుట్టూ చేరాం. గాజు మీద ఆవిరి పట్టింది. దాన్లోంచి ఒక గుడ్డుకు పగులు కనిపించింది, తర్వాత ఇంకోదానికి. లోపల్నుంచి సన్నటి కిచకిచ. మధ్యాహ్నం భోజనాల వేళకు మొదటి పిల్ల పెంకు తన్నుకుని బయటపడింది. తడిసి, ముడుచుకుని, ఎలా ఉందంటే, చెప్పకూడదు గానీ, చాలా వికారంగా ఉంది. మెడ చూశాం. నూగు లేదు. నున్నగా, ఎర్రగా, అచ్చం మా బోడిమెడ.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ నన్ను కౌగిలించుకున్నాడు, నేను వద్దంటున్నా వినకుండా. సాయంత్రానికి ఆరయ్యాయి. ఆరుకు ఆరూ బోడిమెడలే.

ఏడో గుడ్డు మాత్రం ఆగిపోయింది. పెంకుకు చిన్న బొక్క పడింది, దాన్లోంచి ముక్కు కొస కనిపిస్తోంది, అంతకు మించి కదలిక లేదు. మర్నాడు పొద్దున చూసినా అంతే. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. మిగిలినవి అప్పటికే ఆరి, దాన్ని తొక్కుకుంటూ తిరుగుతున్నాయి.

"కొంచెం పెంకు తీసి సాయం చేస్తే?" అన్నాడు బావ. ఆయన చెయ్యి మూత మీదికి వెళ్లింది. ఆ చేతికే హక్కుంది. ఇన్ని రోజులూ ఒక్క తప్పు చెయ్యని చెయ్యి. నాకూ తియ్యమనే ఉంది. తియ్యి బావా అని నోటి దాకా వచ్చింది.

ఆయన చేతిని అక్క పట్టుకుంది.

"ఊరుకోండి," అంది. "అది ఆగలేదు, అలుపు తీర్చుకుంటోంది. ఇప్పుడు పెంకు తీస్తే లోపలి నరం తెగుతుంది. వస్తుంది. దాన్ని రానివ్వండి."

నా చెవులను నేను నమ్మలేదు. ఊరుకోండి అంటున్నది మా అక్క. అన్నదే గానీ, దాని రెండో చెయ్యి కూడా మూత వైపు పోతోంది. బావ ఆ చేతిని పట్టుకున్నాడు. అలా ఇద్దరూ ఒకరి చేతులొకరు గట్టిగా పట్టుకుని, పెట్టె ముందు బడి పిల్లల్లా నిలబడ్డారు. ఎవరు వదిలినా ఎవరో ఒకరు మూత తీసేస్తారు. బయట ఎవరో చొక్కా కోసం పిలిచి పిలిచి పోయారు. నేను మధ్యలో చేతులు కట్టుకుని, ఎవరి మీదో తెలియని కోపంతో పళ్లు నూరుకుంటూ ఉన్నాను. చాలాసేపటికి గుడ్డు ఒక్కసారి దొర్లింది. బొక్క పక్కన ఇంకో పగులు. ఆ పగులు మెల్లగా గుడ్డు చుట్టూ తిరిగింది. మూతలా పెంకు లేచింది, పిల్ల వెల్లకిలా జారి బయటపడి, మిగిలినవాళ్ల మీద అరిచింది.

అక్క అప్పుడు ఏడ్చింది. కుక్క వచ్చిన రోజు ఏడవాల్సిందంతా కలిపి, నవ్వుతూ ఏడ్చింది. బావ తన కుడి చెయ్యి విదిలించుకుంటున్నాడు, అది తిమ్మిరెక్కిందట. నేను ఏడవలేదు. కళ్లలో ఆవిరి పడింది.

ఏడో పిల్ల కూడా ఆరి బొద్దుగా అయ్యాక బావ మూత తీశాడు. అక్క ఒకదాన్ని తీసి నా వైపు తిరిగింది.

"చెయ్యి పట్టు," అంది.

"నాకెందుకే, నాకు చేతకాదు."

"పట్టరా."

పట్టాను. ఆ పిల్లను నా అరచేతిలో పెట్టింది. అది తన్నుకుంది. పడిపోతుందని భయమేసి వేళ్లు బిగించాను. కుయ్యిమంది. అదిరిపడి వేళ్లు తెరిచాను, జారబోయింది.

"గట్టిగా పట్టుకోకు. అలాగని వదిలెయ్యకు," అంది అక్క.

"చెప్పడం తేలికే! నీకంటే అలవాటు," అన్నాను చిరాగ్గా.

"నాకు మాత్రం ఎవరు నేర్పారు? నిన్ను మొదటిసారి నా చేతుల్లో పెట్టినప్పుడు అమ్మ అన్న మాటరా అది." అక్క ముక్కు తుడుచుకుని నవ్వింది. "నేను రెండో సగమే గుర్తు పెట్టుకున్నా ఇన్నేళ్లూ."

కోళ్లను పిలిచే 'దా, దా' తప్ప అమ్మ మాట నేను వినడం అదే మొదలు. ఏదో వేళాకోళం ఆడబోయి, మానేసి, రెండో చెయ్యి కూడా పిల్ల కింద పట్టాను. పిల్ల నా అరచేతిలో కాసేపు వణికి, బోడి మెడ నా బొటనవేలి మీద వాల్చి నిద్రపోయింది. నేను చెయ్యి కదపకుండా అలాగే నిలబడ్డాను.